వరుస చివర ఇరికిన మాట

పేష్కార్ సాబ్ పోయారన్న సంగతి నాకు బోధన్ బస్సు కండక్టర్ చెప్పాడు. నిజామాబాద్ బస్టాండులో టికెట్టు చింపి ఇస్తూ, "మీ పాత ఆఫీసు పేష్కార్ సాబ్ పొద్దుగాల పోయిండట సార్. పగటి నమాజు అయినంక తీస్కపోతరట" అన్నాడు. చిల్లర ఇచ్చి వెనక సీట్ల వైపు వెళ్లిపోయాడు. నేను వేరే పని మీద బయలుదేరాను. ఎడపల్లిలో మా అన్న పొలానికి కాలువ తగాదా ఒకటి ఉంది. ఎడపల్లికి తీసుకున్న టికెట్టు చేతిలో పెట్టుకుని దారిలోనే దిగిపోయాను.

నేను దిగిన పట్నం పేరు రాయడం లేదు. ఆనాటి మెంబర్లలో కొందరు ఇంకా ఉన్నారు. వాళ్ల పిల్లలు నాకు ఎదురుపడితే నమస్కారం పెడతారు. చెరుకు బండ్లు, ఒక టాకీసు, ఒక మునిసిపాలిటీ ఉన్న చిన్న పట్నం అంటే చాలు.

పేష్కార్ అంటే సభ ముందు కాగితాలు పెట్టేవాడు, సభలో ఏం తేలిందో రాసేవాడు. ఆయన నిజాం కాలంలో ఆ నౌకరీలో చేరారు. ఉర్దూలో రాసేవారు. రాష్ట్రాలు కలిసిన తర్వాత కూడా చాలా ఏండ్లు ఉర్దూలోనే రాశారు, ఎందుకంటే ఇంకో తీరుగా రాయగలిగినవాళ్లు ఆ ఆఫీసులో లేరు. తర్వాత రికార్డు తెలుగులో ఉండాలని పై నుంచి కాగితం వచ్చింది. అప్పుడు నన్ను తీసుకున్నారు. ఆయన ఉర్దూలో రాస్తే నేను తెలుగు చేయాలి. నా ఉర్దూ, చిన్నప్పుడు ఎడపల్లి బడిలో కొట్టి నేర్పిన ఉర్దూ. ఆయన నన్ను పేరు పెట్టి పిలిచింది తక్కువ. 'పటేలా' అనేవారు. మాకున్నది రెండెకరాలని తెలిసిన తర్వాత కూడా అదే పిలుపు.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఏ కాగితమైనా రెండుసార్లు చదవాలి. మొదటిసారి లోపల, రెండోసారి పైకి. ఎడమ చేతి చూపుడువేలు వరుస కింద పెట్టి, అది జరిగిన కొద్దీ చదివేవారు. "ఒక్కసారి కండ్లతోని, ఒక్కసారి చెవులతోని. కండ్లు మోసం జేస్తయి మియా, చెవులు జెయ్యవు" అనేవారు. జీతం రశీదు అలాగే చదివేవారు. బస్సు టికెట్టు మీద వెనకవైపు ఉన్న షరతులు కూడా ఇంకొకరితో చదివించుకుని వినేవారట. తెలుగు ఆయనకు మాట్లాడటం బాగా వచ్చు, అక్షరం ఒక్కటి రాదు. అందుకని నేను తెలుగు చేసింది నాతోనే పైకి చదివించుకునేవారు. తల పక్కకు వంచి, కళ్లు మూసుకుని వినేవారు. "సదవకుండ దస్తఖత్ పెట్టుడంటే కండ్లు మూసుకొని బాయిల దుంకుడే" అని మెంబర్లకు కూడా చెప్పేవారు. ప్రతి సభలో ముందు, పోయిన సభలో తేలింది చదివి ఖాయం చేయాలి. మెంబర్లకు అది విసుగు. "చదివినట్టే అనుకుందాం" అని ఎవరో ఒకరు అనేవారు. "నై సాబ్, సదువుడు సదువుడే" అని ఆయన అడ్డం పడేవారు. ఆయన మాట కొట్టేయడానికి వాళ్లకు మొహమాటం.

నేను చేరిన ఏడాది వానలు పోవడం అది రెండోసారి. కాలువలో నీళ్లు రాలేదు. చెరుకు మోకాలెత్తులో ఎండింది. చక్కెర ఫ్యాక్టరీ కొద్దిరోజులు ఆడి ఆగింది. బండ్లు పట్నంలోకి రాకపోతే బండ్ల పన్ను రాదు, అంగళ్లు నడవకపోతే అంగళ్ల పన్ను రాదు. రేషను దుకాణం ముందు ఎర్ర జొన్నలకు జనం చెప్పులు వరుసలో పెట్టి, నీడకు వెళ్లి కూర్చునేవారు. మాకు రెండు నెలల జీతం ఆగింది. అప్పుడు ఖర్చు కోయడానికి సభ పెట్టారు.

మొదట కోసింది కాగితం. ఆఫీసుకు నెలనెలా ఇచ్చే కాగితం సగం చేశారు. దానికి అందరూ ఒప్పుకున్నారు, కాగితానికి ఓటు లేదు కదా. తర్వాత సభలో ఇచ్చే చాయ్ బిస్కట్ కోశారు. దానికీ ఒప్పుకున్నారు గానీ, ఆ రోజు చాయ్ మాత్రం అప్పటికే తాగేశారు. తర్వాత వీధి దీపాల దగ్గర గొడవ మొదలైంది.

"మా వాడల దీపాలు దీస్తె పాములొస్తయి" అన్నాడు ఒక మెంబరు.

"మీ వాడ పాములకు మా వాడ నూనె ఎందుకయ్యా?" అన్నాడు ఇంకొకతను.

"మీ వాడల పాములు లేవా? పోయిన ఎలచ్చన్ల మస్తు గనబడ్డయి గద!"

ఒక దీపం కూడా తగ్గలేదు. చివరి అంశం భిస్తీలది. తొమ్మిది మంది ఉండేవారు. తోలు తిత్తి వీపున వేసుకుని బావి నీళ్లు మోసి మోరీలు కడిగేవారు, బజారులో దుమ్ము లేవకుండా పొద్దున సాయంత్రం నీళ్లు చల్లేవారు. చైర్మన్ పసుపు వ్యాపారి. మాట మెత్తగా మాట్లాడేవాడు.

"నల్లాలు పడ్డయి గద. ఇంక తిత్తులెందుకు? తీసేద్దామనేటోళ్లు చేతులు లేపుండ్రి" అన్నాడు.

ఎవరూ లేపలేదు.

"వద్దనేటోళ్లు లేపుండ్రి."

ఎవరూ లేపలేదు. తొమ్మిది ఇళ్లంటే ఓట్లు చాలా ఉంటాయి. ఇంకోవైపు వాళ్ల జీతం పోతే దీపాలు నిలుస్తాయి. చైర్మన్ మళ్లీ అడిగాడు. కిటికీ బయట ఒక గాడిద అరిచింది. "అది లేపింది చెయ్యి" అన్నాడెవరో. నవ్వారు. చైర్మన్ టోపీ దులిపి పెట్టుకుని "బర్ఖాస్త్" అని లేచాడు.

మా ప్రాంతంలో ఆ మాటకు రెండు అర్థాలు. సభ లేచినా బర్ఖాస్తే, నౌకరీ ఊడినా బర్ఖాస్తే. పేష్కార్ సాబ్ ఎప్పుడూ రెండు వరుసలు వదిలి, 'జల్సా బర్ఖాస్త్ హువా', అంటే సభ ముగిసింది అని విడిగా రాసి సంతకం పెట్టించేవారు. ఆ రోజు ఆయన రాస్తున్న కాగితం అడుగుకు వచ్చింది. ఆ ఒక్క మాట కోసం కొత్త కాగితం తీయాలి. కాగితం కోసింది అదే సభ. ఆయన భిస్తీల అంశం రాసి, 'చర్చ జరిగింది' అని రాసి, అదే వరుస చివర సందులో 'బర్ఖాస్త్' అని ఇరికించారు.

అంతకుముందు రెండు సభలు నేను తెలుగు చేశాను. 'జల్సా బర్ఖాస్త్' అని ఉంటే సభ ముగిసిందనే రాశాను. ఈసారి జల్సా అన్న మాట లేదు. తొమ్మిది మంది మాట పక్కన ఆ మాట ఒంటిగా ఉంది. మా మేనమామ పోలీసు జవానుగా ఉండి నౌకరీ పోగొట్టుకున్నాడు. 'బర్ఖాస్త్ అయిండు' అని మా అవ్వ వాకిట్లో కూర్చుని ఏడవడం నాకు గుర్తు. ఆ వరుసలో నాకు మా మేనమామే కనబడ్డాడు. 'తొమ్మండుగురు భిస్తీలను గూర్చి చర్చ జరిగి, వారిని తొలగించడమైనది' అని రాశాను. చేతులు ఎవరూ ఎత్తలేదని తెలిసి కూడా రాశాను. పెద్దవాళ్లు తర్వాత ఏదో అనుకుని ఉంటారు, నేను అడిగేదేమిటి అనుకున్నాను.

ఆ వారం ఆయన నాతో పైకి చదివించుకోలేదు. ఆయనకు యాభై ఐదు నిండాయి. ఇంకో ఆరు నెలలు నౌకరీ పొడిగించమని అర్జీ పెట్టుకున్నారు. ఇంట్లో ఆమెకు ఉబ్బసం. మందులు నిజామాబాద్ నుంచి రావాలి. మెంబర్ల ఇళ్లకు తిరుగుతున్నారు. "రేపు సదువు పటేలా" అన్నారు రెండుసార్లు. ఆ రేపు సభ రోజే అయింది.

ఆ సభలో చాయ్ లేదు. ఎండ. నేను కాగితం పట్టుకుని లేచాను. కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలువ కింద చెరుకు వేసిన రైతు ఒకాయన మెంబరుగా ఉండేవాడు. "చదివినట్టే అనుకుందామండీ, ఈ ఉక్కలో ఎవరు వింటారు?" అన్నాడు. నేను పేష్కార్ సాబ్ వైపు చూశాను. 'సదువుడు సదువుడే' అనాలి. ఆయన కలం పాళీని గుడ్డతో తుడుస్తున్నారు. ఆ రోజు అంశాల్లో ఆయన పొడిగింపు చివరిది. తుడుస్తూనే ఉన్నారు. నేను కూర్చున్నాను. ఆరు నెలలు పొడిగించారు.

మర్నాడు తొమ్మిది నోటీసులు నేనే రాశాను.

మూడో రోజు పొద్దున భిస్తీలు ఆఫీసు ముందుకు వచ్చారు. తిత్తులు ఖాళీగా భుజాల మీద ఉన్నాయి. వాళ్లలో పొడుగాటి మనిషిని అందరూ లంబూ అనేవారు. తెలుగు నోటీసు వాళ్లకు చదవరాదు. లంబూ దాన్ని పేష్కార్ సాబ్ బల్ల మీద పెట్టి, "గిదేంది సాబ్? జీతాలిస్తరంటనా?" అని నవ్వుతూ అడిగాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి నాకిచ్చారు.

"నువ్వు రాసింది నువ్వే సదువు."

చదివాను. లంబూ నవ్వు ఆగలేదు, కాసేపు మొహం మీద అలాగే ఉండిపోయింది. పేష్కార్ సాబ్ లేచి అలమారలోంచి ఉర్దూ పుస్తకం తీశారు. వేలు వరుస కింద జరుపుతూ వచ్చి చివరి మాట మీద ఆపారు.

"దీనికేం రాసినవ్?"

"తొలగించడమైనది అని."

వేలితో ఆ మాటను రెండుసార్లు తట్టారు. తర్వాత, "లేసింది సభ, మియా. వీళ్లు గాదు" అన్నారు.

లంబూ మా ఇద్దరినీ చూశాడు. "అయితె మీ సభ లేసి మా పొట్ట మీద కూసున్నదా సాబ్?" అన్నాడు.

అదే రోజు చైర్మన్ దుకాణానికి పోయాం. పసుపు బస్తాల మధ్య నిలబడి పేష్కార్ సాబ్ అంతా చెప్పారు. ఉర్దూ పుస్తకం విప్పి చూపించారు. చైర్మన్ చదివాడు. అతనికి ఉర్దూ బాగా వచ్చు.

"తప్పు నిజమే సాబ్. కానీ పోయిన సభల ఖాయం జేసినం గద? మీరు ఆన్నే ఉన్నరు. ఒక్క మాట అనలే."

పేష్కార్ సాబ్ పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నారు. అక్కడే కూర్చున్న కృష్ణా జిల్లా రైతు, "పొరపాటో గ్రహపాటో, మంచే జరిగిందనుకోండి. ఎవరూ చెయ్యెత్తే పని లేకుండా అయిపోయింది" అన్నాడు. చెడ్డవాడేం కాదు. ఆ ఏడు అతని చెరుకు కూడా ఎండిపోయింది.

తిరిగి వస్తూ నేను, తప్పు అందరిదీ ఉంది కదా అన్నాను. నాకు నా నౌకరీ భయం పట్టుకుంది. ఆయన రోడ్డు మీదే ఆగిపోయారు. "అందరిది అంటే ఎవ్వనిది గాదు పటేలా. గట్లనద్దు. గది నాది" అన్నారు.

తర్వాతి సభలో ఆయన లేచి నిలబడ్డారు. అంతకుముందు సభలో ఆయన కూర్చుని రాయడమే గానీ, నిలబడి మాట్లాడటం నేను చూడలేదు. మాట వరుసలో ఇరికించింది తానేనని, తర్జుమా చేసినవానికి సరిగ్గా రాసివ్వలేదని, చదివించాల్సిన రోజు నోరు మూసుకున్నది తన పొడిగింపు కోసమని చెప్పారు. ఆ పొడిగింపు వద్దన్నారు. తన పోస్టు ఇకముందు కూడా ఎత్తేయమని, ఆ జీతంలో ఎందరు భిస్తీలు పడితే అందరిని పెట్టుకోమని అడిగారు. చైర్మన్ కాగితం మీద లెక్క వేశాడు. ముగ్గురు.

"మూడు పేర్లు రాసియ్యుండ్రి" అన్నాడు.

ఈసారి అన్ని చేతులూ లేచాయి. అంత తొందరగా అందరూ చేతులెత్తడం నేను ఆ ఆఫీసులో మళ్లీ చూడలేదు.

మూడు పేర్లు రాయడం ఆయన వల్ల కాలేదు. తొమ్మిది మందినీ బావి గద్దె దగ్గర కూర్చోబెట్టి, మీరే చెప్పండి అన్నారు. "మీరే రాయుండ్రి సాబ్, రాసుడు మీ పని గద" అన్నాడు లంబూ. ఆ మాటకు ఆయన తల దించుకున్నారు. చివరికి వాళ్లే ఒక దారి చెప్పారు. నౌకరీలో ముందు చేరిన ముగ్గురి పేర్లు రిజిస్టర్లో ఉంటాయి. పని మాత్రం తొమ్మిది మందీ వంతులు వేసుకుని చేస్తారు, జీతం పంచుకుంటారు. పేష్కార్ సాబ్ వంతుల పట్టీ రాసిచ్చారు. తొమ్మిదింట మూడు, మళ్లీ మూడు. లంబూ చేరిన వరుసలో నాలుగోవాడు.

ఏడాది పైన ఆ వంతులు నడిచాయి. తర్వాత రిజిస్టర్లో పేర్లు ఉన్నవాళ్లను పర్మనెంటు చేయమని ఉత్తర్వు వచ్చింది. ఆ ముగ్గురికీ పిల్లలున్నారు. మెల్లగా వంతులివ్వడం మానేశారు. వాళ్లను తప్పు పట్టడానికి నేను ఎవరిని? మిగతా ఆరుగురిలో ఇద్దరు బొంబాయి పోయారు. ఒకతను వంతులు ఆగిన ఎండాకాలమే చనిపోయాడు. ఆకలితో అని నేను రాయలేను. చావుల రిజిస్టర్లో జ్వరం అని ఉంది. లంబూ తిత్తి అమ్ముకుని ఫ్యాక్టరీ దగ్గర చెరుకు దించే కూలికి పోయాడు.

నాకేమీ కాలేదు. కొన్నాళ్లకు నిజామాబాద్‌కు మార్చారు, హెడ్ క్లర్కునయ్యాను.

పేష్కార్ సాబ్ తహసీలు ఆఫీసు ముందు రేకు పందిరి కింద కూర్చుని దరఖాస్తులు రాసేవారు. ఉర్దూ దరఖాస్తులు ఏడాదికేడాది తగ్గాయి. అప్పుడాయన నన్ను తెలుగు అక్షరాలు నేర్పమన్నారు. నేను నిజామాబాద్‌కు మారిన తర్వాత కూడా, ఎడపల్లికి పోయేటప్పుడల్లా దిగి గంటసేపు కూర్చునేవాణ్ని. అరవై దగ్గర పడిన మనిషి పలక మీద అ, ఆ దిద్దారు. ప్రతి అక్షరం కుడివైపు నుంచి మొదలుపెట్టేవారు. తలకట్టు మరిచిపోయేవారు. "మీ అక్షరాలకు నెత్తి మీద రుమాలు లేనిదే బయటికి రావు గద" అని నవ్వేవారు. ఇంట్లో ఆమె అప్పటికి పోయారు.

ఒకరోజు ట్రంకు పెట్టెలోంచి మడత పెట్టిన కాగితం తీశారు. నేను రాసిన నోటీసు. లంబూ ఆ రోజు బల్ల మీద వదిలిపోయిందే. వేలు వరుస కింద పెట్టి, ఎడమ నుంచి కుడికి జరుపుతూ చదవడం మొదలుపెట్టారు. తొ. ల. గిం. చ. చాలాసేపు పట్టింది. పూర్తి చేసి, మళ్లీ మొదటి నుంచి పైకి చదివారు.

"ఎంత పొడుగు మాట పటేలా" అన్నారు. "నాది పొట్టిది. కాగితం మిగిలింది."

నవ్వారో లేదో నాకు తెలియలేదు. కాగితం మడిచి మళ్లీ పెట్టెలో పెట్టారు.

ఇదంతా జరిగి చాలా ఏండ్లయింది. ఈ జిల్లాలో ఎవరినీ ఎవరూ అంతకాలం గుర్తుంచుకోరని అనుకున్నాను.

నేను వెళ్లేసరికి మట్టి వేయడం అయిపోయింది. జనం ఎక్కువ లేరు. మునిసిపాలిటీ నుంచి ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి ఒకడు గోడ దగ్గర దూరంగా నిలబడి ఉన్నాడు. రిజిస్టర్లో పేరు ఉన్న ముగ్గురిలో ఒకడు. చదవాల్సిన దువా చదివారు. కొత్త సమాధి మీద మట్టి కుదురుకోవడానికి తల వైపు నుంచి కాళ్ల దాకా నీళ్లు పోస్తారు. గేటు లోంచి లంబూ కిరసనాయిలు డబ్బా నిండా నీళ్లు మోసుకుని వచ్చాడు. జుట్టు తెల్లబడింది, ఒక భుజం కిందికి జారింది. నన్ను చూసి తల ఊపాడు. మోరీ అంచు కడిగినప్పటి తీరులోనే, చేయి వంపి, ధార తెగకుండా, తల నుంచి కాళ్ల దాకా పోశాడు. అడుగున మిగిలిన చుక్కలు డబ్బాను తట్టి మరీ రాల్చాడు.

జనం వెళ్లిపోయారు. ఖాకీ మనిషి కూడా వెళ్లిపోయాడు. లంబూ మళ్లీ డబ్బా ఎత్తుకుని గేటు వైపు నడిచాడు.

"సాలదా లంబూ?" అని అడిగాను.

"ఇది నాది సార్" అన్నాడు. "ఇంక ఎనిమిది మంది వంతులున్నయి."

రోడ్డు అవతల బోరింగు కొట్టిన చప్పుడు వినబడింది. మట్టి మీద నీళ్లు అప్పటికే ఇంకిపోయాయి. నల్లగా తడిసిన పట్టీ ఒకటి మిగిలింది. అది అంచుల నుంచి ఆరుతోంది.